మాయ లిపిలో గుణింతం ఉంది, పొల్లు లేదు

మీరు అడిగినవి క్లుప్తంగా ఇవి: "మాయన్ల రాళ్ల మీద ఉన్న బొమ్మల రాతను నిజంగా చదువుతున్నారా, ఊహించి చెబుతున్నారా? ఎవరు ఛేదించారు? స్పానిష్ రాని, ఆర్కియాలజీ చదవని డిగ్రీ స్టూడెంట్‌ని నేను, ఇంట్లో కూర్చుని నేర్చుకోగలనా? మయాసురుడికీ మాయన్లకూ సంబంధం ఉందంటున్న వీడియోలు నిజమేనా?"

చివరిది ముందు తేల్చేస్తాను. సంబంధం లేదు. మాయన్లు మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల ప్రజలు. 'మాయ' అన్నది మెక్సికోలోని యుకతాన్ ప్రాంతపు పేరు, అక్కడి మాయపాన్ అనే పాత నగరం పేరులోనూ ఉంది. మయసభ కట్టిన మయుడి పేరుతో శబ్దం కలిసింది, అంతే. పేర్లు కలిసినప్పుడల్లా చుట్టరికం కలుపుకుంటూ పోతే ప్రపంచంలో మనకు చుట్టాలు కానివాళ్లు మిగలరు.

నా గురించి ఒక ముక్క. నేను పండితుణ్ని కాదు. ఉద్యోగం కోసం టెక్సస్‌లోని ఆస్టిన్ వచ్చాను. ఇక్కడి యూనివర్సిటీలో లిండా షీలీ అనే ఆవిడ 1977లో మొదలుపెట్టిన మాయ లిపి సమావేశాలు ఉన్నాయని తెలిసి, ఒక వారాంతం కాలక్షేపానికి వెళ్లాను. పదిహేనేళ్లుగా అదే వ్యసనం. కాబట్టి ఇది తప్పులు చేసి నేర్చుకున్నవాడి సమాధానం.

అవును, నిజంగానే చదువుతున్నారు. 'ఈ బొమ్మ అంటే సూర్యుడు కాబోలు' అనే పద్ధతిలో కాదు. పలుకుతారు, వ్యాకరణం చెబుతారు, క్రియ ఏది, కర్త ఏది అని విడదీస్తారు. ఇంకా పలకడం తెలియని గుర్తులు ఉన్నాయి, కానీ శాసనాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు చదవగలిగిందే.

ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మీరు రోజూ రాసేదే తీసుకుంటాను. "2వ తరగతి" అని రాసి ఏమని చదువుతారు? 'రెండవ తరగతి'. అందులో '2' ఒక పూర్తి మాటకు గుర్తు, పక్కన 'వ' శబ్దానికి గుర్తు. మాయ లిపి మొత్తం ఇదే. చిరుతజాతి జంతువు జాగ్వార్‌ని వాళ్లు 'బలమ్' అంటారు. దాన్ని రాయాలంటే లేఖకుడు జాగ్వార్ తల ఒక్కటే చెక్కొచ్చు. తల చెక్కి పక్కన 'మ' పెట్టొచ్చు, అంటే "ఈ తలను చివర మకారం వచ్చేలా చదువు" అని. ముందు 'బ' పెట్టొచ్చు. లేదా తల మానేసి 'బ-ల-మ' అని మూడు అక్షరాలూ రాసేయొచ్చు. ఒకే శాసనంలో ఒకే మాటను రెండు రకాలుగా రాసిన లేఖకులూ ఉన్నారు. అదే గుర్తు మళ్లీ మళ్లీ రాయడం వాళ్లకు మోటుగా అనిపించేది. 'ఉ' శబ్దానికైతే వేర్వేరు గుర్తులు లెక్కకు మించి ఉన్నాయి. మొదట్లో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించింది అదే.

'బ-ల-మ' రాసి 'బలమ్' అని చదవడం గమనించారా? వాళ్లకు పొల్లు లేదు. 'మ్' అని ఒంటరి హల్లుకు గుర్తే లేదు. అచ్చులు పోగా, శబ్దానికి రాసే ప్రతి గుర్తూ హల్లూ అచ్చూ కలిసిన గుణింతాక్షరమే. హల్లుతో ముగిసే మాట వస్తే చివర ఒక అచ్చు ఊరికే తగిలించి, చదివేటప్పుడు వదిలేస్తారు. ఏ అచ్చు? మామూలుగా ముందున్న అచ్చే. బలమ్‌కు 'బ-ల-మ', డాలు అని అర్థం వచ్చే పకల్‌కు 'ప-క-ల'. మనం 'బస్' అని విని 'బస్సు' అంటాం, అచ్చు రాస్తాం, పలుకుతాం కూడా. వాళ్లు రాస్తారు, పలకరు.

ఈ ఒక్క విషయం తేలడానికి యూరప్‌కు దాదాపు నాలుగు వందల ఏళ్లు పట్టింది. తాళంచెవి చేతిలో లేక కాదు, అది తాళంచెవి అని గుర్తుపట్టలేక.

1562 జూలై 12న యుకతాన్‌లోని మనీ అనే ఊళ్లో దియెగో దె లాండా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి మాయన్ల విగ్రహాలనూ పుస్తకాలనూ కుప్ప పోసి తగలబెట్టించాడు. అంజూర చెట్టు బెరడుతో చేసిన మడతల పుస్తకాలు అవి. ఈ రోజుకు మిగిలినవి నాలుగంటే నాలుగు. ఆ లాండాయే తర్వాత స్పెయిన్‌లో 1566 ప్రాంతంలో యుకతాన్ గురించి ఒక గ్రంథం రాస్తూ, మాయన్ల 'ఎ-బి-సి' ఇదీ అని ఒక పట్టిక ఇచ్చాడు. దాని సంక్షిప్త ప్రతి మాడ్రిడ్‌లో 1862లో బ్రాసర్ దె బూర్బూర్గ్ అనే మతాధికారి కంటపడి, 1864లో అచ్చయింది. జనం ఎగబడి ఆ పట్టికతో చదవబోయారు. ఒక్క ముక్క కుదరలేదు. అందుకని ఆ పట్టిక చెత్త అని పక్కన పడేశారు.

తప్పు పట్టికది కాదు, అడిగిన పద్ధతిది. లాండా స్పానిష్ అక్షరాల పేర్లు చదివి ఉంటాడు: 'బె', 'సె', 'ఎలె'. ఎదుట కూర్చున్న మాయ లేఖకుడి లిపిలో అక్షరమాల అనేదే లేదు. వినపడిన శబ్దాన్ని వినపడినట్టు తన గుణింతంలో రాసిపెట్టాడు. మీరు మీ అమ్మమ్మను 'ఎల్ రాయి' అంటే ఆవిడ 'ఎల్లు' అని రాస్తుంది కదా, అదే. ఉచ్చు అని అర్థం వచ్చే 'లె' అనే మాట రాయమంటే, లాండా 'ఎలె, ఎ, లె' అని స్పెల్లింగ్ చెప్పినట్టున్నాడు, పాపం అతను అక్షరాల పేర్లతో సహా మొత్తం రాసేశాడు. ఏదైనా ఒక వాక్యం రాయమంటే 'మ ఇన్ కతి' అని రాశాడు. అంటే 'నాకు ఇష్టం లేదు'. మామూలు ఉదాహరణకే రాశాడో, విసుగెత్తి రాశాడో! నేనైతే రెండోదే నమ్ముతాను.

ఈ ముడి విప్పినవాడు యూరీ క్నోరొజోవ్. 1922లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ దగ్గర పుట్టాడు, లెనిన్‌గ్రాడ్‌లో పనిచేశాడు, 1990 దాకా మాయన్ల నేల మీద కాలు పెట్టలేదు. సయామీ పిల్లిని ఎత్తుకుని గుడ్లురిమి చూసే ఆయన ఫొటో మీరు చూసే ఉంటారు. 1952లో ఆయన రాసిన వ్యాసంలోని తర్కం చూడండి, ఎంత సింపులో. మాయ లిపిలో గుర్తులు కొన్ని వందలు. అక్షరమాలకు అన్ని అక్కర్లేదు, మాటకొక గుర్తు పెట్టే లిపికి అవి చాలవు. కాబట్టి రెండూ కలిసిన లిపి అయ్యుండాలి. ఇక లాండా పట్టికను గుణింతంలా చూస్తే? మిగిలిన పుస్తకాల్లో ఒకచోట టర్కీ కోడి బొమ్మ, పైన రెండు గుర్తులు. మొదటిది లాండా 'కు' అన్నది. యుకతాన్ భాషలో టర్కీ కోడిని 'కుత్స్' అంటారు. అయితే రెండోది 'త్సు' కావాలి. ('త్స్' అంటే మన 'చుక్క', 'చాప'లలో పలికే చకారమే. తెలుగువాళ్లకు ఇది ఉచితంగా వచ్చే లాభం.) ఇప్పుడు కుక్క బొమ్మ దగ్గరికి వెళ్తే, అక్కడ ముందు అదే 'త్సు', తర్వాత లాండా 'ల' అన్న గుర్తు. కుక్కకు పాత మాట 'త్సుల్'. అంటే ఆ గుర్తు 'లు'. ఇంకోచోట పదకొండు అంకె రావాల్సిన చోట మూడు గుర్తులు: మొదటిది తెలియదు, తర్వాత 'లు', 'కు'. పదకొండును 'బులుక్' అంటారు. సుడోకు నిండినట్టు ఒకదాని మీద ఒకటి నిండుతూ పోయింది.

ఇంత స్పష్టంగా ఉన్నా ఇంకో ఇరవై ఏళ్లు చాలామంది ఒప్పుకోలేదు. ఎరిక్ థాంప్సన్ అనే ఆంగ్లేయ పండితుడు ఆ రోజుల్లో ఈ రంగానికి పెద్దదిక్కు. ఈ లిపి శబ్దాల్ని రాయదు, శాసనాల్లో చరిత్ర లేదు, ఉన్నది కాలగణనా దేవతలూ మాత్రమే అని ఆయన గట్టి నమ్మకం. పైగా ప్రచ్ఛన్నయుద్ధ కాలం, క్నోరొజోవ్ వ్యాసానికి ముందు పత్రికవాళ్లు మార్క్సిస్టు ప్రశంస ఒకటి అతికించారు. ఎగతాళి చేయడానికి అది చాలు. ఈ రోజుల్లో థాంప్సన్‌ని విలన్‌గా చూపించడం ఫ్యాషన్. నాకది నచ్చదు. గుర్తులకు ఆయన 1962లో ఇచ్చిన నంబర్లే ఇప్పటికీ వాడుతున్నాం. క్నోరొజోవ్ విడివిడిగా ఇచ్చిన పాఠాల్లోనూ చాలా తప్పులున్నాయి, పద్ధతి మాత్రం ఒప్పు.

చరిత్ర లేదన్న మాటను కూల్చింది తతియానా ప్రొస్కూరియాకోవ్. రష్యాలోని తోమ్స్క్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరింది, చదివింది ఆర్కిటెక్చర్. గ్వాటెమాలాలో ఉసుమసింతా నది ఒడ్డున పియెద్రాస్ నెగ్రాస్ అనే నగరం ఉంది. అక్కడి శిలాస్తంభాలు గుంపులు గుంపులుగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కో గుంపులో ముందు ఒక తేదీ, దాని పక్కన పైకి చూస్తున్న కప్ప తల. కొన్నేళ్ల తర్వాత ఇంకో తేదీ, దాని పక్కన దవడకు గుడ్డ కట్టినట్టున్న పక్షి తల. పండితులు దాన్ని సరదాగా 'పంటినొప్పి గుర్తు' అనేవారు. ఒక గుంపులోని తేదీలన్నీ కలిపి చూస్తే ఏదీ ఒక మనిషి ఆయుష్షు దాటడం లేదు. కప్ప అంటే పుట్టుక, పంటినొప్పి అంటే పట్టాభిషేకం, గుంపంటే ఒక రాజు జీవితం. ఒక్క గుర్తునూ పలకకుండా, తేదీల తీసివేతలతో ఆవిడ ఇది తేల్చింది. 1960లో వచ్చిన ఆ వ్యాసం చదివి థాంప్సన్ కూడా తన మాట వెనక్కి తీసుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు హైన్రిక్ బెర్లిన్ అనే ఆయన ఒక్కో నగరానికీ ప్రత్యేకమైన రాజచిహ్నం ఉందని పట్టుకున్నాడు.

తర్వాత కథ వేగంగా నడిచింది. 1973 డిసెంబరులో మెక్సికోలోని పలెంకే ఊళ్లో జరిగిన సమావేశంలో లిండా షీలీ, పీటర్ మాథ్యూస్, ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ కలిసి కూర్చుని ఆ నగరపు రాజుల వరసను కొన్ని గంటల్లో పేర్చేశారు. డాలు బొమ్మతో ఒకచోట, 'ప-క-ల' అక్షరాలతో ఇంకోచోట రాసి ఉన్న రాజు పేరు పకల్ అని తేలింది. 80 ఏళ్లు బతికిన ఆ రాజు సమాధిని అల్బెర్తో రూస్ 1952లోనే తవ్వి తీశాడు, పేరు చదవడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది. 1987లో డేవిడ్ స్టువర్ట్ అనే కుర్రాడు ఒకే మాట వేర్వేరు శాసనాల్లో ఏ గుర్తుకు బదులు ఏ గుర్తుతో వస్తోందో పోల్చి, పది కొత్త అక్షరాలు తేల్చాడు.

నాకు ఇష్టమైన వస్తువు వేరే ఉంది. గ్వాటెమాలాలోని రియో అసూల్‌లో 1984లో ఒక సమాధిలో దొరికిన మట్టి పాత్ర. మూత మర తిప్పినట్టు బిగుసుకుంటుంది. దాని మీద చేప బొమ్మ ఉంది. అది 'క' అక్షరం. దాని పక్కన రెండు చుక్కలు పెడితే ఆ అక్షరాన్ని రెండుసార్లు చదవమని. చివర 'వ'. మొత్తం 'క-క-వ', కకావ్, అంటే కోకో. పాత్రలో అంటుకున్న మడ్డిని చాక్లెట్లు చేసే హెర్షీ కంపెనీ ల్యాబ్‌లో పరీక్షిస్తే కోకోయే అని రుజువైంది. ఊహించి చెబుతున్నారా అని అడిగారు కదా, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! ఇలాంటి పాత్రల అంచు చుట్టూ ఉండే రాత ఇంచుమించు ఒకటే: 'ఇది ఫలానావారు కోకో తాగే పాత్ర'. మొదటిసారి చదివినప్పుడు, పాత్రల కొట్లో చెక్కించిన మా నాయనమ్మ పేరున్న స్టీలు గిన్నెలు గుర్తొచ్చి నవ్వాగలేదు.

ఇక మీరు నేర్చుకోవడం సంగతి. స్పానిష్ అక్కర్లేదు. ఇంగ్లిష్ చదవగలిగితే చాలు. యూరప్‌లోని వాయెబ్ అనే సంఘం తమ వర్క్‌షాపుల కోసం హరి కెట్టునెన్, క్రిస్టఫ్ హెల్మ్కే రాసిన పాఠ్యపుస్తకాన్ని నెట్‌లో ఉచితంగా పెట్టింది. దానితో మొదలుపెట్టండి. మిగిలిన నాలుగు పుస్తకాల్లో ఒకటైన డ్రెస్డెన్ కోడెక్స్ పేజీలన్నీ, అది ఉన్న జర్మనీలోని డ్రెస్డెన్ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. 'మాయన్ ఆల్ఫబెట్ ఎ టు జెడ్' అని తిరిగే చార్టుల్ని మాత్రం నమ్మకండి. లాండా చేసిన తప్పునే టాటూల కోసం మళ్లీ చేయడం అది.

ముందు అంకెలు. చుక్క ఒకటి, అడ్డగీత ఐదు, గవ్వ సున్నా. ఒక పూట పని. తర్వాత తేదీలు. ఇక్కడ మీకు పంచాంగం సాయపడుతుంది. వాళ్ల దగ్గర 13 అంకెలూ 20 పేర్లూ కలిసి తిరిగే 260 రోజుల చక్రం ఒకటి, 365 రోజుల చక్రం ఇంకొకటి. రెండూ కలిసి మొదటికి రావడానికి 52 ఏళ్లు. 'ప్రభవ నామ సంవత్సరం' అంటే ఏ ప్రభవ అనే ప్రశ్న వస్తుందే, అలాగే ఇక్కడా వస్తుంది. అందుకని ఒక మూలదినం నుంచి గడిచిన మొత్తం రోజుల్ని కూడా రాస్తారు, మన జ్యోతిష గ్రంథాల్లో అహర్గణంలాగా. ఆ మూలదినం క్రీ.పూ. 3114 ఆగస్టులో పడుతుంది. మన కలియుగ ఆరంభం క్రీ.పూ. 3102. పన్నెండేళ్ల లోపు తేడా కదా అని వీడియో చేయకండి, ఇదీ కాకతాళీయమే.

ఒక లెక్క చేసి చూడండి. పకల్ చనిపోయిన రోజు 9.12.11.5.18. స్థానాల విలువలు వరుసగా 1,44,000, 7,200, 360, 20, 1. హెచ్చవేసి కూడితే 13,86,478 రోజులు. 13 అంకెల చక్రంలో మూలదినం అంకె 4. మొత్తాన్ని 13తో భాగిస్తే శేషం 2, నాలుగుకు కలిపితే 6. శాసనంలోనూ 6 అనే ఉంది. నేను మొదటిసారి ఇది కాగితం మీద చేసి సరిపోయినప్పుడు రాత్రి రెండైంది, మా ఆవిడను లేపి చెప్పాను. ఆవిడ స్పందన ఇక్కడ రాయను. ఆ రోజు క్రీ.శ. 683 ఆగస్టు చివర్లో పడుతుంది. 2012 యుగాంతం అని మన టీవీల్లో ఊదరగొట్టింది కూడా ఈ లెక్కలో ఒక పెద్ద సున్నాల తేదీ మాత్రమే, కారు మీటరు తిరిగినట్టు. పకల్ సమాధి ఉన్న గుడిలోని శాసనమే క్రీ.శ. 4772 దాకా లెక్క చెబుతోంది.

తర్వాత చదివే వరస. నిలువుగా రెండేసి వరసలు కలిపి, ఎడమ, కుడి, కిందికి దిగి మళ్లీ ఎడమ, కుడి. నేను మొదటి నెలంతా ఒక్క వరసనే పై నుంచి కిందికి చదువుకుంటూ వెళ్లి, అర్థం కాక పుస్తకాన్ని తిట్టుకున్నాను. వాక్యంలో క్రియ ముందు వస్తుంది, కర్త చివర. మన వాక్యానికి తలకిందులు.

తెలుగువాళ్లు చేసే తప్పొకటి ఉంది, నేనూ చేశాను. పుస్తకాల్లో కొన్ని హల్లుల పక్కన, పైన చిన్న కామాలాంటి గుర్తు (') ఉంటుంది. దాన్ని చూసి క పక్కన ఉంటే ఖ, త పక్కన ఉంటే థ అని చదివేస్తాం. అది ఒత్తక్షరం కాదు. గొంతు ఒక్క క్షణం మూసి, గాలి బిగబట్టి టక్కుమని వదిలే శబ్దం. మన భాషలో లేదు. ఈ రోజుకూ మాట్లాడే మాయ భాషలు దాదాపు ముప్ఫై ఉన్నాయి, వాటి రికార్డింగులు వినండి. శాసనాల భాషకు దగ్గరి చుట్టం చోర్తి అనే భాష. ఆ భాషలు బతికి ఉండబట్టే ఈ లిపి లొంగింది. సింధు లిపి ఎందుకు లొంగలేదని ఎవరైనా అడిగితే సగం జవాబు ఇదే: దాని భాష ఏదో ఒప్పందం లేదు, రాతలు సగటున ఐదు గుర్తులకు మించవు. క్నోరొజోవ్ దాని మీదా పనిచేసి ద్రావిడ భాష అయ్యుంటుందన్నాడు, కానీ అక్కడ ఆయనకు లాండా దొరకలేదు.

అక్షరాలు ముప్ఫై వచ్చాక మొదటి పాఠంగా యాష్‌చిలాన్ నగరంలోని 8వ నంబరు ద్వారబంధం పైకమ్మీని తీసుకోండి. క్రీ.శ. 755 నాటిది. ఇద్దరు యోధులు ఇద్దరు బందీల్ని పట్టుకుంటున్న దృశ్యం. మొదట 7 ఇమిష్, 14 త్సెక్ అనే తేదీ, చుక్కలూ గీతలూ లెక్కపెడితే వచ్చేస్తుంది. తర్వాత 'చు-క-హ', 'పట్టుబడ్డాడు' అనే క్రియ. ఆ తర్వాత బందీ పేరు. ఇప్పుడు బొమ్మలో బందీల తొడల మీద చూడండి. శాసనంలో ఉన్న పేరే ఒకడి తొడ మీదా చెక్కి ఉంటుంది. ఇంకొంచెం ముందుకెళ్తే రాజు పేరు, అందులో మీకు తెలిసిన బలమ్ తల.

ఫొటో చూస్తూ చదివితే ఏదీ గుర్తుండదు. పెన్సిల్‌తో గీయాలి, వంకరగా వచ్చినా సరే. ఆ పైకమ్మీ మీది రాతను గీసి, ఏ గుర్తు దగ్గర ఆగిపోయారో గుండ్రం చుట్టి ఇక్కడ పెట్టండి, శనివారం తీరిగ్గా చూస్తాను.